డబ్బా మీది తేదీ

అన్నం మాడ్చినవాళ్ళు, పాయసంలో ఉప్పేసినవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళను ఇవాళే క్షమించేయండి. నేను చేసిన ఘనకార్యం వింటే వాళ్ళంతా మీకు నలభీముల్లా కనిపిస్తారు.

అప్పటికి మా అనితకు ఆరేళ్ళు. మలేషియాలోని క్లాంగ్ పట్నంలో మా ఫ్లాట్‌కు నేనే ఆహార శాఖ మంత్రిని. ఏ డబ్బానైనా తిప్పి తిప్పి చదవనిదే లోపలికి రానిచ్చేదాన్ని కాదు. చక్కెర ఎంత, రంగేమిటి, గడువు ఎప్పటిదాకా? సూపర్‌మార్కెట్‌లో నేను ఒక వరుస దాటేలోపు మా ఆయన కొట్టంతా రెండు చుట్లు తిరిగొచ్చేవాడు. ఇన్ని పరీక్షలు పెట్టి చివరికి పిల్లకు పొద్దున్నే పెట్టేది పెట్టెలోంచి తీసిన కార్న్‌ఫ్లేక్స్ లాంటి సీరియలే. తేదీ బాగుండేది మరి!

మా అమ్మ ఉండేది బాగన్ దాతుక్‌లో, కొబ్బరితోట పక్కన. చదువు రాదు. మనవరాలు సన్నబడిపోతోందని ఆవిడకు ఒకటే బెంగ. ఒకసారి బస్సులో వచ్చి ఒక్క రాత్రి ఉంది. మర్నాడు నేను ఆఫీసుకు వెళ్ళాక మా ఆయన బస్సెక్కించాడు. వెళ్తూ వెళ్తూ వంటింటి అలమరలో ఒక పాలపొడి డబ్బా పెట్టి, "మీ అమ్మకి సెప్పు" అని అనితతో అందట. అనితకు తెలుగు అర్థమవుతుంది కానీ సాయంత్రం దాకా గుర్తుండదు.

శనివారం తనిఖీలో ఆ డబ్బా నా చేతికి చిక్కింది. అడుగున చూద్దును కదా, గడువు తీరి నాలుగేళ్ళు! మూత చుట్టూ టేపు. నేను దాన్ని విప్పనైనా విప్పలేదు. చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకెళ్ళి కింద చెత్తలో పడేశాను. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాను. పిల్ల ప్రాణం కాపాడానన్న గర్వంతో ఆ పూట నాకు ఆకలి కూడా వేయలేదు. కాసేపటికి లారీ వచ్చి చెత్తంతా తీసుకుపోయింది.

ఆదివారం అమ్మ ఫోన్ చేసింది.

"పిల్ల అంబలి తాగతందా?"

"ఏ అంబలమ్మా?"

"నానెట్టినాను గదే, పాలపొడి డబ్బాలో. సోడిపిండి."

"అమ్మా, దాని డేటు అయిపోనాది గదా!"

"పిండికి డేటేటి? మొన్ననే ఇసిరినాను లా!" ఇక్కడివాళ్ళలా మాట చివర "లా" తగిలించడం అమ్మకు అలవాటు.

"డబ్బా మీద అలాగే ఉంది..."

"అది డబ్బా డేటే. నిన్ను డబ్బా తినమన్నానేటి? ఇప్పుడేదది?"

చెప్పాను. "సర్లే. సదువుకున్నదానివి, నీకు తెలస్తాది" అని పెట్టేసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

సోళ్ళంటే రాగులే. అమ్మ వాటిని నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, దోరగా వేయించి, మోకాళ్ళ నొప్పులతో తిరగలి ముందు కూర్చుని విసిరింది. ఆ నెలలో మా ఇంటికొచ్చిన సిసలైన తాజా తిండి అదొక్కటే. దాన్ని లారీకి తినిపించి, నా బిడ్డకు పెట్టెలోది పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత అమ్మ వచ్చినప్పుడు సంచిలోంచి తళతళలాడే సీరియల్ పెట్టె తీసింది.

"కొట్టోడితో సదివించినాను. ఇంకా రెండేళ్ళుందంట, సూడు" అంటూ తేదీ ఉన్న వైపు నాకు చూపించింది. పెట్టెను తలకిందులుగా పట్టుకుంది.

"సోడిపిండి మళ్ళీ ఇసిరి తేవా అమ్మా?" అన్నాను.

"తిరగలి పక్కింటోలికి ఇచ్చేసినానే. ఇంకెవులికి ఇసరాల?" అంది మామూలుగానే.

అనిత కరకరమని తింటోంది. నేను గిన్నెలు కడిగే నెపంతో అటు తిరిగిపోయాను.

అందుకని మా వంటింటి పొయ్యి సాక్షిగా, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మూత తీసి వాసన చూడనిదే ఏ డబ్బాకూ తీర్పు చెప్పను. అమ్మ తెచ్చిన ఆ పెట్టె ఖాళీ అయినా అలమరలోనే ఉంది. దాని గడువు తీరి మూడేళ్ళయింది. పారేయడానికి మాత్రం ఈ మంత్రిగారికి చెయ్యి రావడం లేదు.