పందొమ్మిదో ఎక్కం

ఇప్పటికీ పాపని లెక్క అడిగే ముందు దాని వేళ్ళు చూస్తాను.

ఆ రోజు ఇద్దరం వర్ధన్నపేట నుంచి వరంగల్ వచ్చే బస్సులో ఉన్నాం. పాపకి ఐదో తరగతి అయిపోతోంది. ఆరులోనే ఐఐటీ ఫౌండేషన్‌లో వేస్తే ఎనిమిదో తరగతి లెక్కలు మొదలుపెడతారట. ఆ ఫారం ఇంకా నింపకుండా నా సంచిలోనే ఉంది. పక్కన బురఖా వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుంది. నాకు కాస్త గొప్ప చూపించుకోవాలనిపించింది.

"పందొమ్మిదో ఎక్కం చెప్పు బిడ్డా, పెద్దమ్మ వింటది."

పాప గుక్క తిప్పుకోకుండా ఒప్పజెప్పింది. ఆవిడ మాత్రం పాప ముఖం చూడలేదు. దాని చెయ్యి తీసుకుని తన అరచేతిలో పరిచింది. కొరికి కొరికి గోళ్ళు లేవు, వేళ్ళ చివర్లు పచ్చిపుండ్లయ్యాయి. రోజూ జడ వేసే నేను చూడనే లేదు.

"మా బిడ్డ గూడ గిట్లనే కొరుక్కునేదమ్మా," అంది మెల్లగా. "మేం లెక్కల్ల ఫస్టొస్తాందని మురిసినం."

ఆ బిడ్డ ఇప్పుడెక్కడుందని అడగడానికి నాకు నోరు రాలేదు. తర్వాతి స్టేజీలో ఆవిడ దిగిపోయింది.

పాప గుప్పిట బిగించుకుని నావైపు చూసింది.

"అమ్మా, నేనేమన్న తప్పు చెప్పిన్నా?"