నీళ్లలో తేలిన ఇళ్లు

రోజాకు కోపం వస్తే ముందు కీబోర్డుకు తెలుస్తుంది. నెల్లూరులో మా ఆఫీసు మూడంటే మూడు గదులు. ఆ టకటక మూడింటికీ వినిపిస్తుంది. నోరున్న పిల్ల అని అందరూ అంటారు. ఆమె పక్క కుర్చీ నాది కాబట్టి చెబుతున్నాను, ఆమె ఆ నోటికి ఊరికే పని పెట్టదు. ఈ సంగతి తలచుకుంటే నాకే ఒళ్లు మండుతుంది, ఇక ఆమెకు మండదా?

మాకు వచ్చిన పని ఇది. తీరం పొడవునా ఏ ఊరికి తుఫాను షెల్టరు దూరమో, కొత్తవి ఎక్కడ కట్టాలో తేల్చాలి. చేతికి రెండు పెద్ద టేబుళ్లు ఇచ్చారు. ఒకదాంట్లో ఇళ్లు: యజమాని పేరు, రేషన్ కార్డు నంబరు, సర్వే వాళ్లు వివరాలు ఎక్కిస్తున్నప్పుడు ట్యాబ్ తనంతట తాను పట్టుకున్న అక్షాంశ రేఖాంశాలు. లక్షల వరుసలు. రెండోదాంట్లో ఊళ్లు, వాటి హద్దులు. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఈ రెంటినీ కలిపితే ఏ ఇల్లు ఏ ఊరి హద్దులో పడుతుందో తెలుస్తుంది. మేం పంపే పట్టికలో ఇళ్లు కనిపించని ఊరికి షెల్టరు రాదు.

రోజాది పులికాట్ సరస్సు ఒడ్డున నల్లదిబ్బ కుప్పం అనే జాలర్ల పల్లె. సూళ్లూరుపేటలో దిగి, ఆటో పట్టుకుని, ఆటో ఆగిపోయాక నడవాలి. తండ్రి పోలేరయ్య సరస్సులో రొయ్యలు పడతాడు, తల్లి అంకాలమ్మ వాటిని పేటలో అమ్ముతుంది. ఆ రొయ్యల గంప మీదే రోజా కావలిలో స్టాటిస్టిక్స్ చదివింది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా పెద్ద తుఫాను వచ్చింది. నడుములోతు నీళ్లలో నాయనమ్మను మంచంతో సహా పక్క ఊరి బడికి మోసుకుపోయారు. బడి చేరేసరికి ముసలామెలో ప్రాణం లేదు. ఈ పని వచ్చిన రోజున రోజా అడిగి మరీ తీసుకుంది.

అంత పెద్ద టేబుళ్లను ఒకేసారి తెరిస్తే మా కంప్యూటరు బిగుసుకుపోతుంది. రోజా అక్కర్లేని కాలమ్స్ తీసేసి, మండలానికొక ముక్క చేసి, ముక్క ముక్కగా కలిపింది. తెర మీద తప్పు చూపే ఎర్ర అక్షరం ఒక్కటీ రాలేదు. మా యజమాని విజయభాస్కర్ గారు శుభ్రంగా వచ్చిందని మురిసిపోయి అందరికీ టీ తెప్పించారు. రోజా గ్లాసు పక్కన పెట్టి తన ఊరి పేరు వెతికింది. నల్లదిబ్బ కుప్పం: ఇళ్లు సున్నా.

ఆ టీ అట్లాగే చల్లారిపోయింది. సాఫ్ట్‌వేర్ సంగతే అంత. కామా మరిచిపోతే అరిచి గోల పెడుతుంది, మనుషుల్ని పారేస్తే కిక్కురుమనదు. ఏ హద్దులోనూ పడని వరుసల్ని చప్పుడు లేకుండా వదిలేసింది. వదిలేసిన వాటన్నిటినీ రోజా మ్యాప్ మీద పెట్టింది. నీలం రంగు సరస్సు నడుమ చుక్కలు, వరుసగా, నారు నాటినట్టు.

"జీపీఎస్ తప్పులమ్మా అవి. నీళ్లలో ఇళ్లుంటాయా? లక్షల్లో వంద పోతే ఏమైంది, తీసెయ్," అన్నారు విజయభాస్కర్.

"ఆ వందా మా కుప్పం సార్."

"అయితే దగ్గరుండే ఊరికి అతికించు. యాడో ఒకచోట ఉంటారు గదా."

అదీ చేసి చూసింది. చుక్కలన్నీ అవతలి ఒడ్డు ఊరికి అతుక్కున్నాయి. అక్కడ షెల్టరు ఉంది. అంటే తుఫానులో పడవ కట్టుకుని, సరస్సు దాటి వెళ్లి దాక్కోవాలన్నమాట. ఇంతకంటే పెద్ద తిట్టు ఉంటుందా?

ఆదివారం రోజా ఊరికి బయల్దేరింది. కోపంలో ఒంటరిగా పంపడం ఇష్టంలేక నేనూ వెళ్లాను. సర్వే ఎలా జరిగిందని అడగ్గానే పోలేరయ్య ముఖం వెలిగిపోయింది. ఆ కుప్పంలో రొయ్యలు బాగా పడే చోట్లకు చీట్లు వేసి, ఇంటికొక వంతు పంచుకుంటారు. వంతుకు గుర్తుగా నీళ్లలో కొయ్యలు నాటుతారు. ఎవరు లెక్కకు వచ్చినా ఇంటి మనిషి తన కొయ్యల దగ్గర నిలబడాలి. నిలబడని వాడి వంతు పక్కవాడికి పోతుంది. తాతల నాటి కట్టుబాటు.

"లెక్కకొచ్చినాం అన్నారు. లెక్కంటే వంతుకాడ నిలబడొద్దా? పడవల్లో తీసకపోయి ఒక్కొక్కరి కొయ్యలకాడా రాయించినాం. ఒక్క ఇల్లు తప్పలా," అన్నాడు.

"కొయ్యలకు కట్టరు నాయనా షెల్టరు! ఇంటికాడ ఎందుకు నిలబడలా?"

"ఇల్లు యాడికి పోద్ది మే? వంతు పోతే మళ్లా వస్తాదా?"

రోజా అన్నం ముందు నుంచి లేచిపోయింది. నాకు ఆ పెద్దాయన మీద కోపం రాలేదు. పడవలో షికారు చేస్తూ, నీళ్లలో కొయ్యను చూసి ఇల్లు అని నొక్కిన సర్వే వాళ్లను తన్నాలనిపించింది.

తిరుగు రైల్లో రోజా దారి కనిపెట్టింది. చోటును బట్టి కాకుండా రేషన్ కార్డు నంబరును బట్టి కలిపితే సరి. అంతకుముందు వేరే పనికి ఇచ్చిన కార్డుల టేబుల్ మా దగ్గరే ఉంది, అందులో ఊరి పేరూ ఉంది. స్టేషన్‌లో దిగగానే సార్‌కు ఫోన్ చేసి చెప్పింది. అది తెరవడానికే సగం పూట పడుతుంది, రేపు పొద్దున్నే పంపాలి, కుదరదు అన్నారు విజయభాస్కర్. రోజా నేరుగా ఆఫీసుకు వెళ్లి ప్రోగ్రాములో నాలుగు లైన్లు చేర్చి ఇంటికి పోయింది.

సోమవారం ఆయనే కూర్చుని ప్రోగ్రాము నడిపారు. రోజా చేర్చిన లైన్ల దగ్గర ఆగిపోయింది. తెర నిండా ఎర్ర అక్షరాలు. "కలపక ముందు ఉన్నవాళ్లు కలిపాక లేరు" అని, దాని కింద పేర్లు. పోలేరయ్య. గంగులయ్య. పెంచలమ్మ. ఎంత కిందికి జరిపినా పేర్లే.

"ఏందిది రోజా? తీసెయ్ దీన్ని!"

"నేను తీయను సార్. మీరే తీసేయండి. ఒక్కొక్క పేరూ చదివి తీసేయండి. మొదటిది మా నాయనది."

ఆయన మౌస్ పట్టుకున్నారు. చాలాసేపు పట్టుకునే ఉన్నారు. తర్వాత కుర్చీ వెనక్కి నెట్టి, "ఆ కార్డుల టేబులేదో తెరువు తల్లీ, సాయంత్రం పంపుతామని నేను చెప్పుకుంటా," అని విసురుగా బయటికి పోయారు.

మధ్యాహ్నానికి కలపక ముందు లెక్కా, కలిపాక లెక్కా సరిపోయాయి. నల్లదిబ్బ కుప్పం పట్టికలోకి వచ్చింది. రోజా సంతోషించిందనుకుంటున్నారా? తండ్రికి ఫోన్ చేసి అరవడం మొదలుపెట్టింది.

"ఈసారి ఎవరన్నా లెక్కకొస్తే గడప దాటబాక నాయనా. ఇంట్లోనే కూచో."

"మరి వంతుకాడ ఎవరు నిలబడతారు మే?"

రోజా అరుపు తగ్గలేదు.

"నేనొచ్చి నిలబడతాలే!"