ఉమ్మి దక్కించుకున్న గిన్నె

అవి నైజాం రోజులు. పులుపు తగిలితే ఇత్తడి చిలుమెక్కుతుందని, ఉల్లి, దోస ముక్కల కచ్చుంబర్ కలపడానికి కొయ్య గిన్నె తెమ్మంది అమ్మ. శామీర్‌పేట అంగడిలో ఒక్కోదాన్నీ వేలితో కొట్టి చూసి, పగుళ్లు లేని టేకు గిన్నెను ఏరుకున్నాను.

ఇంటికి పోయే రైలు కోసం మేడ్చల్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉంటే, మా దొర ఉండే కోటలాంటి గడీలో పనిచేసే జమేదారు వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"మంచిగున్నది. గడీల పనికొస్తది."

ఇస్తావా అని కూడా అడగలేదు. నాకు ఒళ్లంతా మండింది.

నా పక్కన దోసకాయ తింటున్న ముసలమ్మ ఎవరో నాకు తెలియదు. ఆమె లేచి, నములుతున్న ముక్కను ఆ గిన్నెలో ఉమ్మింది.

"ఇగ తీస్కపో జమేదార్ సాబ్. మీ దొరకు పెట్టు."

జమేదారు కర్ర ఎత్తాడు. ఆమె కదలలేదు. ప్లాట్‌ఫారం మీది జనమంతా అటే చూస్తున్నారు. వాడు గిన్నెను నా ఒళ్లోకి విసిరి, చెయ్యి ధోవతికి తుడుచుకుంటూ, బూతులు తిడుతూ పోయాడు.

"కొత్త గిన్నె గదా అవ్వా! ఎంగిలి జేస్తివి."

"ఎంగిలి కడిగితే పోతది బిడ్డా. గడీలకు పోయింది మల్ల రాదు."

ఇంటికి రాగానే కడిగేశాను. కానీ మన గిన్నె మనకు దక్కాలంటే అందులో ఉమ్మాల్సి వచ్చిన ఆ కాలాన్ని తలచుకుంటే, ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.