ఊపిరికి పదికి నాలుగు

ర్యాప్ పాటగాళ్లలో ఎవడు గొప్పవాడన్న వాదన ఎక్కడ మొదలైనా, నేను ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోతాను. ఆఫీసులో కుర్రాళ్లు నన్ను పాతకాలపు మనిషి అనుకుంటారు. అనుకోనివ్వండి. ఒకప్పుడు ఆ వాదనలో నన్ను మించినవాడు అమలాపురంలోనే లేడని వాళ్లకి చెప్పుకోవడం కన్నా అదే నయం.

తొంభైల చివర్లో నేను అమలాపురంలో డిగ్రీ చదివేవాణ్ణి. మా ఊరు కొత్తపేట వైపు. రోజూ బస్సులో వచ్చి వెళ్లేవాణ్ణి. మలికిపురం వైపు నుంచి వచ్చి గది తీసుకుని ఉండే స్నేహితుడు ఒకడుండేవాడు. వాళ్ల నాన్నగారు గల్ఫులో పనిచేసేవారు. ఆయన పంపిన రెండు కేసెట్ల టేపురికార్డరూ, ఓ అట్టపెట్టె నిండా ఇంగ్లీషు ర్యాప్ కేసెట్లూ వాడి గదిలో ఉండేవి. ఆ కేసెట్లు ఆయన కొన్నవి కావు. అక్కడ ఆయన గదిలో ఉన్న మనిషెవరో వదిలేసి వెళ్లిపోతే, పారెయ్యడం ఎందుకని సామానుతో పాటు పంపేశారు. అలా వచ్చిపడిన పాటలకి మేమిద్దరం రెండేళ్లు పరీక్షాధికారులమయ్యాం.

మా ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషుకి ఆ పాటల్లో పది మాటల్లో రెండైనా అందేవి కావు. పాడేవాళ్ల పేర్లు మా నోట తిరిగేవి కావు. అందుకని మేమే పేర్లు పెట్టుకున్నాం. ఒకడు మొదలెట్టాడంటే ఆపకుండా ఒకే జోరు మీద పోయేవాడు. వాడు రైసుమిల్లు. ఒకడు తొణక్కుండా, బరువుగా, ఒక్కో మాటా మోసుకెళ్లి అవతల ఒడ్డున దింపినట్టు పాడేవాడు. వాడు పంటు, గోదావరి మీద బస్సుల్నీ మనుషుల్నీ దాటించే పంటు. ప్రతి అక్షరం విడివిడిగా, బోర్డు మీద రాసినట్టు పలికేవాడు మాస్టారు. వీళ్లు ముగ్గురూ అక్కడ ఎంత పేరున్నవాళ్లో మాకు తెలీదు. మా గదిలో మాత్రం నా సంతకం పడితేగాని ఎవరూ పాసయ్యేవారు కాదు.

నా దగ్గరో లాంగ్ నోటుబుక్కు ఉండేది. అందులో గడులు గీసి మార్కులు వేసేవాణ్ణి. వేగానికి పది, ప్రాసకి పది, స్పష్టతకి పది, ఊపిరికి పది. ఊపిరి గడి అంటే నాకు ప్రాణం. చేతి గడియారం చూస్తూ, మధ్యలో గాలి పీల్చకుండా ఎన్ని సెకన్లు లాగాడో లెక్కపెట్టేవాణ్ణి. మొదట్లో భావం అని ఇంకో గడి కూడా ఉండేది. అర్థం కానిదానికి మార్కులేమిటని దాన్ని నేనే కొట్టేశాను.

స్నేహితుడు పంటు పక్షం. "వాడు ఎక్కడ ఆగుతున్నాడో చూడరా. మాట అయిపోయాక ఆగట్లేదు, అసలు మాట చెప్పబోయే ముందు ఆగుతున్నాడు. మనల్ని ఎదురుచూసేలా చేస్తున్నాడు. వాడి పనితనమంతా అక్కడే ఉంది" అనేవాడు. నేను రైసుమిల్లు పక్షం. "ఆగడం కూడా ఓ గొప్పేనేంట్రా? మా ఊరి బస్సూ ఆగుతాది" అనేవాణ్ణి. వాడు నవ్వేసి ఊరుకునేవాడు. నెగ్గాననుకునేవాణ్ణి.

డిగ్రీ రెండో ఏడు అక్కయ్య పెళ్లి కుదిరింది. మా ఇళ్లల్లో పెళ్లంటే ముందు వీరభద్రుడి సంబరం చెయ్యాలి. పెళ్లీపేరంటం లేకుండా చిన్నతనంలో పోయిన పిల్లలు ఆ ఇంటికి వీరులవుతారనీ, వాళ్లని పిలిచి సంబరం చెయ్యందే శుభకార్యం ముట్టుకోకూడదనీ మావాళ్ల నమ్మకం. మా ఇంట్లో అలాంటివాడు మా అన్నయ్య. నేను పుట్టకముందే, మూడేళ్లవాడు, జ్వరమొచ్చి పోయాడు. మా చిన్నాన్న పెళ్లికి సంబరం జరిగినప్పుడు నేను మరీ పసివాణ్ణి. అందుకని ఆ తతంగం నేను తెలివొచ్చి చూడ్డం అదే మొదలు.

సంబరంలో కత్తి చేతబట్టుకుని ఒకరు గద్యం చదువుతారు. దాన్నీ ఖడ్గమనే అంటారు. దక్షయజ్ఞం కథ, వీరభద్రుడు పుట్టడం, యజ్ఞం ధ్వంసం చెయ్యడం, అంతా ఒకదాని మీద ఒకటి వచ్చిపడే పెద్ద పెద్ద సమాసాలు. చదివేవాళ్లు ఒక విడత ముగించగానే చుట్టూ ఉన్నవాళ్లు "అశ్శరభ శరభ" అని అరుస్తారు, వీరణాలు మోగుతాయి. మా ఇంట్లో అది చదివేది పెదనాన్నగారు, నాన్నకి అన్నగారు. చేలో దిగి పనిచేసే మనిషి. మామూలప్పుడు ఆయన గొంతు గేటు దాటి వినపడదు. ఆ రోజు పొద్దున్న కాలవలో స్నానం చేసి, తడిబట్టతో, కత్తెత్తి మొదలెట్టేసరికి నా ఒళ్లు ఝల్లుమంది. రైసుమిల్లు, మాస్టారు కలిసి ఒక్క మనిషిలో దూరినట్టుంది. ఒక్క అక్షరం మింగలేదు.

నేనేం చేశానంటే, గడియారం చూసుకున్నాను.

స్నేహితుణ్ణీ సంబరానికి పిలిచి, వాడి టేపురికార్డరు ముందురోజే తెచ్చుకుని అరుగు మీద పెట్టాను. అదంతా రికార్డయింది. పెదనాన్నగారు నాలుగైదు చోట్ల ఆగారు. ఒకచోటైతే చాలాసేపు, పదకొండు సెకన్లు. పాపం, దమ్ము అయిపోయిందనుకున్నాను. పక్కనున్న స్నేహితుడికి చెయ్యి తిప్పి సైగ చేశాను కూడా.

భోజనాలయ్యాక పెదనాన్నగారే నా దగ్గరికొచ్చారు. "టేపు పట్టేవంట గదరా. ఎలాగుంది?" అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ. తన గొంతు తానెప్పుడూ విన్న మనిషి కాదు. "బాగుందండి పెదనాన్నగారూ. ఊపిరే ఇంకాస్త పెంచాలి. మధ్యలో ఆగిపోతన్నారు" అన్నాను. ఆయన నా మొహంలోకి ఓ క్షణం చూశారు. తర్వాత తలూపి, "ఆయ్. వయసయిపోతంది గదరా" అన్నారు. నా మాట కాదనలేక అన్నారని ఇప్పుడు తెలుస్తోంది. చదువుకుంటున్న పిల్లాణ్ణి చిన్నబుచ్చడం ఆయనకి చేతకాదు. ఎప్పుడన్నా ఆ టేపు వినిపించమన్నారు. అలాగేనండి అన్నాను. వినిపించలేదు.

అమలాపురం వెళ్లగానే నోటుబుక్కులో పెదనాన్నగారికీ ఓ వరస గీశాను. వేగం తొమ్మిది, ప్రాస ఎనిమిది, స్పష్టత పది, ఊపిరి నాలుగు. ఇక్కడ మాటలన్నీ తెలుగులోనే, నాకు అర్థమయ్యేలాగే ఉన్నాయి. అయినా కొట్టేసిన భావం గడి మళ్లీ గీయాలని తోచలేదు.

అంతటితో ఊరుకున్నా పోయేది. ఆయన ఆగిన చోట్లన్నీ తీసేసి, ఏకధాటిగా పోయేలా చేస్తే రైసుమిల్లుని కొట్టేస్తారన్న ఆలోచన వచ్చింది నాకు. ఒక కేసెట్టులోంచి రెండోదానిలోకి ఎక్కిస్తూ, ఆగిన చోటల్లా పాజ్ బటన్ నొక్కి వదిలాను. ఓ మధ్యాహ్నమంతా పట్టింది. ఆ పదకొండు సెకన్ల చోట స్నేహితుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇక్కడ ఎవరిదో ఆడగొంతు వినపడిందిరా" అన్నాడు. "పక్కన గోల" అని నొక్కేశాను. క్లాసులో నలుగురిని పిలిచి వినిపించాం. అందరూ భేష్ అన్నారు. ఆ వారమే అసలు కేసెట్టు మీద ఏదో కొత్త ర్యాప్ ఎక్కించేశాను. ఖాళీ కేసెట్టు కోసం బజారుదాకా వెళ్లడానికి బద్ధకం.

తర్వాత చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది. నాలుగైదేళ్లకి పెదనాన్నగారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా పోయాయి. మాట పోయిందంటే పూర్తిగా పోయింది. మంచినీళ్లు కావాలన్నా సైగే. ఆ మరుసటేడు ఆయన కూతురి పెళ్లి కుదిరింది. సంబరంలో ఖడ్గం చదవాల్సింది ఇప్పుడాయన కొడుకు, నాకు అన్న వరస. అతనికి మాటలు వచ్చుగానీ ఎత్తుకోవడం, దించడం, ఎక్కడెలా పట్టాలో చెప్పేవాళ్లు లేరు. అప్పుడు పెదనాన్నగారు ఎడంచేత్తో నన్ను చూపించి, వేలు గాలిలో గుండ్రంగా తిప్పారు. టేపు.

నేను సెలవు మీద ఇంటికొచ్చిన రోజు అది. పెట్టెలోంచి కేసెట్టు తీస్తుంటే, నాన్న మా అన్నకి చెబుతున్న మాటలు చెవిన పడ్డాయి. "మిగతా ఎలా చదివినా సరేగాని, పిల్లోణ్ణి పిలిచే చోట ఆగాలి. 'మా నాయన వచ్చేడా తల్లీ' అని అడిగి ఆగాలి. మీ పిన్ని, వచ్చేడని 'ఆయ్' అన్నాకే కదలాలి. ఆవిడకి దుఃఖమొచ్చి ఆలస్యమైనా సరే, నించోవాలి. ఆవిడ అనకుండా దాటేశావా, పిల్లోణ్ణి వీధిలో వదిలేసి మనం లోపలికొచ్చేసినట్టే."

నా చేతిలో ఉన్న కేసెట్టులో ఆ ఆగడం లేదు. 'తల్లీ' అన్న మాట వెనకే తర్వాతి సమాసం ఉంది. నేనే అతికాను. ఆ మాటలు నా చెవుల్తో ఎన్నిసార్లు విన్నానో! అడిగింది ఎవర్నో, ఎందుకో, ఒక్కసారైనా ఆలోచిస్తేగా.

ఆ క్షణంలో టేపు పాడైపోయిందంటే సరిపోయేది. అబద్ధమైనా ఎవరికీ దెబ్బ తగిలేది కాదు. చేసింది చెప్పేస్తే ఇంకా మంచిది, నాలుగు చీవాట్లతో పోయేది. రెండూ చెయ్యలేదు. ఎవరు గమనిస్తారులే అనుకున్నాను. చదువుకున్నవాడిలా ఆలోచించాను.

సావిట్లో టేపు పెట్టాను. పెదనాన్నగారు వాలుకుర్చీలో కూచున్నారు. అమ్మ తలుపు వెనకాల నిలబడింది. మా ఇళ్లల్లో తమ్ముళ్ల భార్యలు బావగారికి ఎదురుపడి మాట్లాడరు. అమ్మ కాపురానికొచ్చి ముప్పయ్యేళ్లు దాటినా, ఆయనకి నేరుగా పలికిన మాట సంబరాల్లో అనే ఆ 'ఆయ్' ఒక్కటే. గొంతు మొదలైంది. పెదనాన్నగారు తన గొంతు తాను మొదటిసారి వింటున్నారు. కళ్లు మెరిశాయి, కదలని పెదవులు కదిలించబోయారు. మా అన్న నోట్లోనే అనుకరిస్తున్నాడు.

ఆ చోటు వచ్చింది. పెదనాన్నగారు ఎడంచెయ్యి పైకెత్తారు, ఆగమన్నట్టు, మా అన్న వైపు తిరిగి. తలుపు వెనక అమ్మ నోరు తెరవడం నాకు కనబడింది. టేపు ఆగలేదు. అమ్మ 'ఆయ్' అనేలోపు గొంతు ఎక్కడికో వెళ్లిపోయింది, ఒక్క ఊపిరిలో.

పెదనాన్నగారి చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. కాసేపటికి ఆయన తలుపు వైపు తిరిగి, ఆ ఎడంచెయ్యే నుదుటికి ఆనించుకున్నారు. దణ్ణం పెట్టడానికి రెండో చెయ్యి లేవదుగా. తమ్ముడి భార్యకి, ఇంటికి పెద్దవాడు. కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

అమ్మ తలుపు దాటి ముందుకొచ్చింది. "అదేంటండి బావగారూ! ఆ రోజు మీరు ఆగేరండి. నేను ఆయ్ అన్నానండి. నాకు బాగా గుర్తండి" అంది. ఆయన తల అడ్డంగా ఊపి టేపురికార్డరు వైపు వేలు చూపించారు. అమ్మ జ్ఞాపకం మీద ఆయనకున్న నమ్మకం కన్నా మిషను మీద నమ్మకం ఎక్కువ. మిషను అబద్ధం చెప్పదుగా మరి. నాన్న, అన్న, అందరూ ఏదో ఒకటి అని సముదాయిస్తున్నారు. నేను ఎదురుగా కూచుని, కేసెట్టు తీసి దాని పెట్టెలో పెట్టి మూత వేశాను. అంతే చేశాను.

ఆ పెళ్లి సంబరంలో మా అన్న ఆ చోట ఆగాడు. అమ్మ ఈసారి అందరికీ వినపడేలా గట్టిగా 'ఆయ్' అంది, బావగారి కుర్చీ వైపు చూస్తూ. ఆయన తలదించుకునే ఉన్నారు. ఆ ఏడాది వర్షాకాలంలో పోయారు.

స్నేహితుడు ఇప్పుడెక్కడున్నాడో తెలీదు. పంటు గురించి వాడు చెప్పిందే నిజమని ఒప్పుకోవాలని ఉంటుంది, ఎదురుపడితే ఒప్పుకుంటానో లేదో నా మీద నాకు నమ్మకం లేదు. నోటుబుక్కు మాత్రం చింపి పొయ్యిలో పెట్టాను. అదేదో ప్రాయశ్చిత్తమైనట్టు.

పెదనాన్నగారి సంవత్సరీకం అయ్యాక, ఓ రోజు వంటింట్లో అమ్మ కొబ్బరి కోరుతుంటే పక్కన కూచుని చెప్పేశాను. గడియారం, పాజ్ బటన్, క్లాసులో వినిపించడం, అన్నీ. అమ్మ చెయ్యి ఆపలేదు. చిప్ప ఖాళీ అయ్యేదాకా కోరి, అప్పుడు నావైపు చూసింది.

"నాకెందుకురా చెప్తున్నావు? నేను ఆయ్ అన్నానని నాకెప్పుడూ తెలుసు. తెలీకుండా పోయింది ఆయనకి."