మగ్రిబ్ తర్వాత తెరిచే ఆఫీసులు

ఆ చలికాలం మేము దుబాయ్‌లో, అల్ కుసైస్ అనే పేటలో ఉండేవాళ్ళం. మా కిటికీకి ఎదురుగా చిన్న మసీదు ఉండేది. పొద్దుగూకాక మగ్రిబ్ అజాన్ వినిపించి, నమాజు ముగిసి, జనం చెప్పులు వెతుక్కుని రోడ్డెక్కే వేళకి అమెరికాలో తూర్పు వైపు ఊళ్ళలో ఆఫీసులు తెరిచేవారు. నాకు గడియారం చూసే పనుండేది కాదు. చెప్పుల చప్పుడు వినిపించిందంటే అక్కడ తెల్లవారి పని మొదలైందన్నమాట.

నేను మా ఊళ్ళో ఎం.బి.బి.ఎస్. పూర్తిచేసి, అమెరికా పరీక్షలు కూడా రాసి, నాన్న వీసా మీద దుబాయ్ వచ్చి కూర్చున్నాను. అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లకిచ్చే పై శిక్షణని రెసిడెన్సీ అంటారు. దానికి కంప్యూటర్లో దరఖాస్తు పంపాలి. నచ్చితే ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఇంటర్వ్యూ లేకపోతే సీటు మాటే లేదు. నవంబరు సగమైనా నాకు ఒక్క పిలుపూ రాలేదు. హాస్టల్లో నా గదిలో ఉండి, నాకంటే ముందే అక్కడ చేరిపోయిన స్నేహితురాలు మెయిల్ రాసింది. "ఊరికే కూర్చోకే. ఒక్కో ఆసుపత్రి ప్రోగ్రాముకీ రాయి, ఫోన్ చెయ్యి. నీకు ఇష్టమని తెలిస్తేనే కదా వాళ్ళు నీ ఫైలు తీసేది."

రాయడం నాకు కష్టం కాదు. డైరీలో చిత్తుప్రతి రాసుకుని, ఆ ఆసుపత్రి ఉన్న ఊరి పక్కన పారే ఏరు పేరు కూడా తెలుసుకుని, నిజంగా వెళ్ళాలనిపించేదాకా ఆ ఊరి గురించి చదివి మెయిల్ పెట్టేదాన్ని. అన్ని చోట్ల నుంచీ ఒకే జవాబు. మీ ఆసక్తికి ధన్యవాదాలు, మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది.

ఫోన్ అలా కాదు. టాక్సీలో "ఇక్కడ ఆపండి" అనడానికి సిగ్గుపడి, రెండు వీధులు ముందుకు పోయి దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను.

నాన్నది ఒక కంపెనీలో పనివాళ్ళ పాస్‌పోర్టులు పట్టుకుని ఇమిగ్రేషన్, లేబర్ ఆఫీసుల చుట్టూ తిరిగే ఉద్యోగం. నాకొచ్చిన జవాబుల్ని ఆయన అన్నం తింటూ చదివించుకునేవాడు.

"పరిశీలనలో ఉంది అంటే ఇక్కడి కౌంటర్లలో ఇన్షాల్లా, దేవుడి దయ, అన్నట్టే," అన్నాడు ఒకరోజు.

"ఇన్షాల్లా అంటే అవుతుందనా, అవదనా?" అంది అమ్మ.

"అన్నవాడి మొహం చూసి చెప్పాలి. మెయిల్లో మొహం ఎక్కడ కనపడుద్ది? అందుకే ఫోన్ చెయ్యమ్మలూ. గొంతులో సగం మొహం ఉంటది. కాగితం తనంతట తాను నడవదు, మనం పక్కన నడవాలి."

రోజూ మగ్రిబ్ అయ్యేసరికి అమ్మ మిక్సీ ఆపేసేది. నాకు మాటలు సరిగ్గా వినపడాలని కుక్కరు కూడా దించేసేది. నేను ఫోన్ కార్డు గీకి, నంబరు కొట్టి, అటు రింగవగానే పెట్టేసేదాన్ని. నాన్న సాయంత్రం డ్యూటీ ముగించుకుని రాత్రి వచ్చి అడిగితే "ఎంగేజ్ వస్తోంది నాన్నా" అనేదాన్ని.

"పాపం, అమెరికా అంతా ఫోన్లోనే ఉన్నట్టుంది," అనేవాడు బూట్లు విప్పుకుంటూ.

ఒక సాయంత్రం ఎలాగో పెట్టెయ్యకుండా ఉండగలిగాను. అది ఎక్కడో ఉత్తరాన, మంచు ఎక్కువ పడే చిన్న ఊరి ఆసుపత్రి. ఒక ఆవిడ ఎత్తింది. చెప్పాల్సింది రాసుకున్న కాగితం చూసి మొదటి వాక్యం చదివాను. ఆవిడ నా పేరడిగింది.

"దుబాయ్ నుంచేనా? నిన్న మీ నాన్నగారు మాట్లాడారు."

నా వేలు కాగితం మీద రెండో వాక్యం దగ్గరే ఉంది.

"మీరు అన్నం తినేటప్పుడు కూడా పుస్తకం వదలరని చెప్పారు. మా మేనేజరుతో ఒక్క నిమిషం మాట్లాడించమని అడిగారు." ఆవిడ గొంతులో వెక్కిరింత లేదు. "చూడండి డాక్టర్, అభ్యర్థుల తరఫున ఇంట్లోవాళ్ళు మాట్లాడితే మేము వినకూడదు. మీరే స్వయంగా ఫోన్ చేశారని మాత్రం ఫైల్లో రాస్తాను."

అన్నం దగ్గర నేను వదలనివి నవలలు. కాగితం మీద ఇంకా నాలుగు వాక్యాలు మిగిలి ఉన్నాయి. థాంక్యూ అని పెట్టేశాను.

"ఏమందే?" అంది అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి.

"ఫైల్లో రాస్తానంది."

నా భయమంతా ఆయన ఇంకా ఎన్ని చోట్లకి చేశాడోనని. నాన్న ఆ రోజు హుషారుగా వచ్చాడు. ఎప్పటినుంచో ఆగిపోయిన ఒక పనివాడి వీసా పని అయిందట. "పొద్దున మళ్ళీ వెళ్ళి నిలబడ్డా. నన్ను చూసి చూసి వాడికే విసుగొచ్చి, యల్లా ఖలాస్, అయిపోయింది పో, అని స్టాంపు కొట్టేశాడు," అని నవ్వాడు.

"నాన్నా, మీరు ఎన్ని ఆసుపత్రులకి ఫోన్ చేశారు?"

ఆయన నవ్వు ఆగింది. "చెప్పేసిందా ఆవిడ? ఒక్కచోటికే అమ్మలూ. నా ఇంగ్లీషు ఆవిడకి అర్థమైందో లేదో."

"అర్థమైంది."

"మంచావిడ. నన్ను సర్ అంది. ఇన్నేళ్ళలో ఏ కౌంటరు దగ్గరా నన్నెవరూ సర్ అనలేదు." మళ్ళీ తనే అడిగాడు. "ఇంకో రెండు చోట్లకి చెయ్యనా?"

చెయ్యకూడదట అని చెప్పాలి. ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "వద్దు నాన్నా, నేనే చేస్తాను," అన్నాను.

ఆయన మళ్ళీ చేస్తాడేమోనన్న భయంతోనే మర్నాటి నుంచి చేశాను. అన్ని చోట్లకీ చేశాను. వాక్యాలు తిరగబడేవి, అయినా పెట్టెయ్యలేదు. శుక్రవారాలు నాన్న సెలవు కాబట్టి నా పక్కనే సోఫాలో, డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నవాడిలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. కొందరు మర్యాదగా, కొందరు తొందరగా, అందరూ పరిశీలనలో ఉందనే అన్నారు. గొంతులో సగం మొహం ఉన్నా నాకు చదవడం రాలేదు. చెయ్యాల్సిందంతా చేశాక ఇంకా చెయ్యడానికేమీ ఉండదని, అదే అన్నిటికంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది.

జనవరిలో ఒక్కో చోటి నుంచీ ఇంటర్వ్యూలు నిండిపోయాయని రాసేశారు. చివరగా మిగిలింది ఆ మంచు ఊరు. అదీ పోయింది; నాన్న చేసిన ఫోను వల్ల పోయిందో, ఎలాగూ రానిదో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ మెయిల్ చూశాను. విచారిస్తున్నాం అన్న మామూలు వాక్యాల కింద, ఆవిడ సొంతంగా ఒక ముక్క రాసింది. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.

చదివి వినిపించాను. నాన్న పైవన్నీ వదిలేసి ఆ చివరి ముక్క మళ్ళీ చదవమన్నాడు.

"గుర్తుపెట్టుకుంది చూశావా," అన్నాడు. "వచ్చే ఏడు ముందు అక్కడికే చేద్దాం."

"చేసేది మీరా, అమ్మాయా?" అంది అమ్మ.

ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకి అమ్మ వంటింట్లోకి వెళ్ళి ఇడ్లీ పిండి రుబ్బడం మొదలుపెట్టింది. అంతలో ఎదురు మసీదులో అజాన్ మొదలైంది. అలవాటు కొద్దీ అమ్మ మిక్సీ ఆపేసింది. ఇక ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదని నేనూ అనలేదు, నాన్నా అనలేదు.