సుబేదార్ గారి శనివారం రిపోర్టు

2006 జూన్ మొదటి వారంలో సైనిక్‌పురిలోని ఒక మొక్కల నర్సరీని నాకు అప్పగించారు. అప్పగించారంటే కుండీలకు నీళ్లు పోయమని కాదు. ఆ నర్సరీకి బ్లాగు పెట్టి, దసరా దాకా నడిపి, నలుగురు కొనేవాళ్లను గేటు దాకా రప్పించమని. నేను పనిచేసే వెబ్ డిజైన్ ఆఫీసు నేరేడ్‌మెట్‌లో ఒక బేకరీ పైన ఉండేది. నా హోదా కంటెంట్ ఎగ్జిక్యూటివ్. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, పై నుంచి లెక్కపెడితే నాకంటే కింద మిగిలింది ఆఫీసు ఊడ్చే లక్ష్మి ఒక్కతే.

అప్పటికి నాకు నలభై రెండేళ్లు. మాది బొబ్బిలి వైపు. ఈ ఊరొచ్చాక పదిహేనేళ్లు ప్రింటింగ్ ప్రెస్సుల్లో డీటీపీ చేశాను. పెళ్లి పత్రికలు, స్కూలు మ్యాగజైన్లు, కరపత్రాలు కంప్యూటర్లో కూర్చి పెట్టడం పని. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని ఊగిపోతుంటే ప్రెస్సులో పని తగ్గింది, నేనూ ఇటు దూకాను. ఆఫీసులో మిగతావాళ్లంతా పాతికేళ్ల లోపువాళ్లే. ఎదురుగా మేడమ్ అనేవారు, వెనక ఆంటీ అనేవారు. నాకు వినబడదనుకునేవారు పాపం.

బ్లాగంటే ఏమిటో ఆ రోజుల్లో ప్రతివాళ్లకీ చెప్పాల్సి వచ్చేది. మామూలు వెబ్‌సైటు గోడకు కొట్టిన బోర్డు. ఒకసారి రాస్తే ఏడాదైనా అదే. బ్లాగులో కొత్తగా రాసింది పైకి వస్తుంది, పాతది కిందికి జరుగుతుంది, చదివినవాళ్లు దాని కింద తమ మాట కూడా రాయవచ్చు. దాన్నే కామెంటు అంటారు. ఖర్చు తక్కువ కాబట్టి చిన్న వ్యాపారాలకు ఇదే మేలని మా ప్రొప్రైటర్ కిరణ్ నమ్మకం. కుర్రాడు మంచివాడే, కాకపోతే అన్నీ తనకే తెలుసనుకునేవాడు. ఆ విషయంలో నేనూ తక్కువదాన్ని కాను.

నర్సరీ యజమాని సుబేదార్ యాదగిరి గారు. కీసర దగ్గర పల్లె ఆయనది. ఇరవై ఎనిమిదేళ్లు ఫౌజులో, అంటే సైన్యంలో, చేసి, రిటైరై, సైనిక్‌పురి నుంచి కాప్రా చెరువు వైపు పోయే దారిలో స్థలం తీసుకుని మొక్కలు పెట్టారు. మొక్కలు బ్రహ్మాండంగా పెరిగాయి. మనుషులే రాలేదు. కాస్త దూరంలో అద్దాల తలుపులతో పెద్ద గార్డెన్ షోరూం ఒకటి తెరిచారు, కార్లన్నీ అక్కడే ఆగేవి. సుబేదార్ గారి భార్య అనసూయమ్మగారు మొదటిరోజే నాకు సంగతంతా చెప్పేశారు.

"సూడు చెల్లె, పొద్దంత చెట్లతోని ముచ్చట పెడ్తడు. మనిషన్నోడు గేటు తియ్యడు. హైటెక్ సిటీ కాడ కంపెనీల సెక్యూరిటీ సూపర్‌వైజర్ నౌకరీ ఉన్నదని దోస్తులు ఫోన్ల మీద ఫోన్లు జేస్తున్రు. దసరా దాక సూస్త. గిరాకీ రాకుంటే మల్ల బూట్లు తొడుగుడే."

ఆయన గులాబీల మధ్య నుంచి తల ఎత్తకుండానే జవాబిచ్చారు. "ఇరవై ఎనిమిదేండ్లు కావలి గాసిన. ఇగ గేటు కాడ నిలబడి కార్లకు సలాం గొట్టుడు నాతోని కాదు."

ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది. నాకు ఆ పని మీద పట్టుదల పుట్టింది అక్కడే.

పద్ధతి ఇలా పెట్టుకున్నాం. ఆయన శుక్రవారం నోట్‌బుక్కులో రాసి ఇస్తారు, నేను శనివారం ఆఫీసులో టైపు చేసి బ్లాగుకు ఎక్కిస్తాను. ఆయనకు కంప్యూటర్ జోలికి రావడం ఇష్టం లేదు. మొదటి శుక్రవారం నోట్‌బుక్కు తెరిచి చూద్దును కదా, పేజీ అంతా స్కేలు పెట్టి గడులు గీసి ఉంది. హాజరు, సిక్, మృతులు, కారణం. ఫౌజులో ప్రతి ఉదయం ఎంతమంది హాజరు, ఎంతమందికి జబ్బు అని లెక్క తీసి పైకి పంపుతారట, దాన్నే రిటర్న్ అంటారట. ఈయన ఆ లెక్క మొక్కలకు తీశారు. రాసింది ఫౌజీ ఇంగ్లీషులో. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది:

"మృతులు: గులాబీ నాలుగు. కారణం: నేనే నీళ్లు ఎక్కువ పోసిన. జెర్బెరా రెండు. కారణం: వేరు కుళ్లు, ఆలస్యంగా చూసిన. జామ ఒకటి. కారణం: మేక. మేక మాదే."

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఎక్కించాను. జూన్, జూలై, ఆగస్టు, ఒక్క శనివారం తప్పకుండా రిపోర్టు పడింది. మేము బ్లాగు పక్కపట్టీలో కౌంటర్ అనే చిన్న మీటరు పెట్టేవాళ్లం, రోజుకు ఎంతమంది పేజీ తెరిచారో అది చెబుతుంది. మా కౌంటర్ మెల్లగా కదిలేది. గేటు మాత్రం అసలు కదల్లేదు. పోయిన మొక్కల కింద "మా ఇంట్లోనూ ఇలాగే పోయింది సార్" అని ఎవరో ఒకరు రాసేవారు. సుబేదార్ గారు జవాబు చెప్పేవారు, నేను టైపు చేసేదాన్ని. అంతే, బేరం లేదు.

ఆగస్టు ఆఖరులో కిరణ్ సమీక్ష పెట్టాడు. "మేడమ్, ఏ షాపువాడైనా బోర్డు మీద పాడైపోయిన సరుకు పేర్లు రాస్తాడా? చదివి సరదా పడిపోతున్నారు, కొనేవాడెవడు? ముందు ఆ చావుల లిస్టు పీకెయ్యండి" అన్నాడు. కిరణ్ మీదకు నెట్టేసి తప్పుకోవచ్చు గానీ, నిజం చెప్పాలంటే నా అభిప్రాయమూ అదే. దసరా ముంచుకొస్తోంది. అనసూయమ్మగారి గడువు నా గడువు కూడా.

సెప్టెంబరు మొదటి వారంలో రిపోర్టు ఆపేశాను. దాని బదులు "వానాకాలంలో మీ తోట: పది చిట్కాలు" లాంటివి రాశాను. ఈ రోజు చదివితే నాకే ఆవలింతలొస్తాయి. టెంప్లేటు కూడా మార్చాను. టెంప్లేటంటే బ్లాగు రూపురేఖలు నిర్ణయించే అచ్చు. కొత్తదాంట్లో మౌస్ ఎటు కదిపితే అటు సీతాకోకచిలుకలు ఎగిరేవి. అబ్బో, ఎంత మురిసిపోయానో! కామెంట్లు కూడా నేను చూసి ఒప్పుకుంటేనే పేజీ మీద కనబడేట్టు పెట్టాను, ఆ తర్వాత ఆ పెట్టె తెరిచి చూడనే లేదు.

సుబేదార్ గారికి మాత్రం చెప్పలేదు. ఆయన ప్రతి శుక్రవారం నోట్‌బుక్కు ఇస్తూనే ఉన్నారు. "రిపోర్ట్ ఎక్కిందా మేడమ్?" అని అడిగితే, "చూసుకుంటున్నానండీ" అనేదాన్ని. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. ఆ మాట అన్నప్పుడల్లా ఆయన ముఖంలోకి చూడకుండా చామంతుల వైపు చూసేదాన్ని.

దసరాకు వారం ముందు ఆదివారం కొత్త ఫోటోల కోసం కెమెరా తీసుకుని నర్సరీకి వెళ్లాను. బతుకమ్మ రోజులు. అనసూయమ్మగారు వరండాలో తంగేడు పూలు వేరుచేస్తూ, గునుగు పూలను రంగులో ముంచుతూ కూర్చున్నారు. సుబేదార్ గారు వెనక షెడ్డులో ఉన్నారు. అప్పుడు గేటు దగ్గర అరవై దాటిన ఒకాయన వచ్చి ఆగారు. ఆగి, చెప్పులు విప్పారు. నర్సరీకి వచ్చినవాళ్లు ఎవరూ చెప్పులు విప్పరు.

"ఎప్పుడు జరిగిందమ్మా?" అన్నారు తల వంచుకుని.

"ఏంది జరుగుడు?"

"అదే, సుబేదార్ గారు... జ్వరమని రాశారు. ఆ తర్వాత రాతే లేదు. నేను కాప్రాలో ఉంటానమ్మా, ప్రతి శనివారం చదువుతాను. ఫోన్ చేద్దామంటే నంబరు కనబడలేదు, పాత రిపోర్టులో రాసిన దారి పట్టుకుని వచ్చాను."

అనసూయమ్మగారు లేచారు. చేతి నిండా గులాబీ రంగు. "నా మొగుడు సచ్చిండని నీకెవలు జెప్పిన్రు? పండుగ పూట, పూలు ముంగట వెట్టుకొని కూసున్న. గిట్లనా వచ్చి అడిగేది!" అని ఆయన్ను దులిపేసి, వెనక్కి తిరిగి గట్టిగా కేకేశారు. "ఏమయ్యా! జెర ఇటు రా! నువ్వు సచ్చిపోయినవంట!"

సుబేదార్ గారు బనీను మీద, చేతిలో నీళ్ల పైపుతో బయటికొచ్చారు. వచ్చినాయన బోర్లించిన కుండీ మీద కూలబడ్డారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "బతికే ఉన్నారా సార్" అని మాత్రం నాలుగుసార్లు అన్నారు.

ఆ మాట తేలకముందే స్కూటీ మీద ఒక అమ్మాయి దిగింది. మెడలో కంపెనీ ఐడీ కార్డు, కాళ్ల మధ్య కరివేపాకు కుండీ. ఆమె దగ్గర మూడు కరివేపాకు మొక్కలు చచ్చాయట. సుబేదార్ గారి కారణాల గడి చదివి నాలుగోదాన్ని బతికించుకుందట. "సార్ పేరు మీద ఇక్కడే నాటుదామని తెచ్చానాంటీ" అంటూ ఆ సార్‌ను ఎదురుగా చూసి నోరు తెరిచేసింది.

నాకు అప్పుడు వెలిగింది. ఆగస్టు ఆఖరు శనివారం నేను ఎక్కించిన చివరి రిపోర్టులో, సిక్ అన్న గడిలో, "మందారం తొమ్మిది, కారణం పిండి పురుగు. సుబేదార్ ఒకడు, కారణం జ్వరం" అని ఉంది. అవి ఊళ్లో చికున్‌గున్యా తిరుగుతున్న రోజులు. ఆయన రెండు రోజుల్లో లేచి తిరిగారు. చదివేవాళ్లకు ఆ ముక్క ఎవరు చెప్పాలి? జబ్బుపడ్డ మనిషి దగ్గర రాత ఆగిపోయింది, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు చిట్కాలు రాస్తున్నారు. ఇంకేమనుకుంటారు! ఇక ఫోన్ నంబరు సంగతి. టెంప్లేటు మారిస్తే పక్కపట్టీలో మనం పెట్టుకున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకే ముందు పాతదాన్ని నోట్‌ప్యాడ్‌లో దాచుకోవాలి. ఈ నియమాన్ని ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ నేర్పేది నేనే. సీతాకోకచిలుకల సంబరంలో నేనే మరిచాను. కౌంటర్ కూడా అందులోనే పోయింది, అది లేదన్న సంగతి మూడు వారాలు గమనించనే లేదు.

ఒప్పేసుకున్నాను. అందరి ముందూ, కెమెరా చేతిలో పట్టుకునే. సుబేదార్ గారు గొంతు పెంచలేదు. "రిటర్న్ ఆపే పవర్ మీకెవరిచ్చిన్రు మేడమ్?" అని ఒక్క ప్రశ్న వేశారు. ఆ ప్రశ్నకు సిగ్గుపడినంతగా నా ఉద్యోగంలో ఇంకెప్పుడూ సిగ్గుపడలేదు.

ఈలోపు గేటు దగ్గర ఇంకో జంట. వెనకాల ఆటోలో ఇంకెవరో. మధ్యాహ్నానికి ఇరవై మందికి పైగా అయ్యారు, పండగ ముందు ఆదివారం కాబట్టి అందరికీ ఆ రోజే తీరిక దొరికిందట. అందరివీ పరామర్శ మొహాలే, అందరివీ లోపలికొచ్చిన నిమిషానికే మారిపోయాయి. ఒకరికొకరు ఎవరో తెలియదు గానీ, మేక సంగతి అందరికీ తెలుసు. "ఆ మేక ఏదండీ?" అని ప్రతివాళ్లూ అడిగారు. మేకను తీసుకొచ్చి చూపించారు. సుబేదార్ గారు చొక్కా తొడుక్కుని, అందర్నీ కుండీల పక్కన వరసగా నిలబెట్టి, ఎవరి మొక్క ఏ జబ్బుతో పోయిందో అడుగుతూ పోయారు. అనసూయమ్మగారు టీ పెట్టి పెట్టి, "సచ్చిండని వచ్చి నా పాలన్ని తాగవడ్తిరి!" అని నవ్వీ నవ్వీ పమిటతో కళ్లు తుడుచుకున్నారు. తిరిగి వెళ్లేటప్పుడు ప్రతి మనిషి చేతిలోనూ మొక్క ఉంది. మొదట వచ్చిన కాప్రా ఆయన ఆరు గులాబీలు పట్టుకెళ్లారు. అంత సంతోషమైన ఆదివారం నేను ఉద్యోగం చేస్తూ చూడలేదు, తప్పు నాదైనా సరే!

అప్పుడే ఇంట్లో ఫోన్ మోగింది, సెక్యూరిటీ ఉద్యోగం తాలూకు దోస్తు. అనసూయమ్మగారే ఎత్తారు. "ఆయనకు ఈడ డ్యూటీ ఉన్నదన్నా. వేరేటోళ్లను సూసుకోన్రి" అని పెట్టేశారు. పైపు పట్టుకున్న సుబేదార్ గారు అది విన్నారు. తడిసిన మొక్కలకే మళ్లీ నీళ్లు పోశారు.

మర్నాడు ఆఫీసులో నేను చూడకుండా వదిలేసిన కామెంట్ల పెట్టె తెరిచాను. మూడు వారాలవి పేరుకుపోయి ఉన్నాయి. "సార్ ఎలా ఉన్నారు?", "ఎవరైనా చెప్పండి". నా పది చిట్కాల గురించి ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. కిరణ్‌ను పిలిచి చూపించాను. చదివి, "చావుల లిస్టు పెట్టెయ్యండి మేడమ్" అన్నాడు బుద్ధిగా.

ఆ తర్వాత ఇంకో పద్నాలుగేళ్లు ఈ పనిలో ఉన్నాను. టీమ్ లీడ్ అయ్యాను, రిటైరయ్యాను. నా కింద చేరినవాళ్లకు మూడే చెప్పేదాన్ని. టెంప్లేటు ముట్టుకునే ముందు పాతది దాచుకో. ఎంతమంది వచ్చారని కాదు, వచ్చినవాళ్లు మళ్లీ ఎందుకు వస్తున్నారో చూడు. యజమాని రాసినదాన్ని ఆయనకు చెప్పకుండా తీయకు. మూడోది చెప్పేటప్పుడు, ఆ ఆదివారం తర్వాత వచ్చిన శుక్రవారం సుబేదార్ గారు ఇచ్చిన పేజీ జిరాక్సు చూపించేదాన్ని.

"మృతులు: చామంతి మూడు. కారణం: నీళ్లు నిలిచినయి. సుబేదార్ ఒకడు. కారణం: టెంప్లేటు. కోలుకున్నడు."

అక్షరం మార్చకుండా టైపు చేసి శనివారం పొద్దున్నే ఎక్కించాను.