బండి ఉన్నవాడి ఆఖరాట

మా నాన్న గూడ్సు గార్డు. రాయగడ నుంచి కొరాపుట్‌కి కొండల్లో ఘాటు లైను ఎక్కడం, దిగడం, అదే ఆయన బతుకు. కొరాపుట్ రన్నింగ్ రూమ్‌లో, అంటే డ్యూటీకీ డ్యూటీకీ మధ్య రైలు సిబ్బంది నడుం వాల్చే విడిదిలో, మూడు ముక్కలాట నడిచేది. ఆ ఆటకి ఒక కట్టుబాటు ఉండేది. ఆడేవాళ్ళలో ఎవరికైనా బండికి పిలుపు వస్తే ఆఖరాట అతనిదే. చేతిలో ఎంత మంచి ముక్కలున్నా మిగతావాళ్ళు బోర్లా పడేసి అతన్ని గెలిపించి పంపాల్సిందే.

"వేడి తలకాయతో బండెక్కనివ్వకూడదమ్మీ," అనేవాడు నాన్న. "ఓడిపోయినోడు సిగ్నలు సూడ్డు. ఓడిన ముక్కే సూస్తాడు."

నాకు పేకాట నేర్పింది ఆయనే. ఆడపిల్లకి ఇదేం విద్య అని అమ్మ గొణిగేది, మేం వినేవాళ్ళం కాదు. గెలిచే ముక్కలున్నప్పుడు నాన్న తొందరపడేవాడు కాదు. అరచేతిలో పొగాకు నలుపుతూ, సున్నం రాస్తూ, అవతలివాడి ప్రాణం విసిగేదాకా కూర్చుని, అప్పుడు నెమ్మదిగా ముక్క దించేవాడు. పొగాకు తప్ప మిగతాదంతా నాకు అలాగే అబ్బింది.

మా ఆయనా రైల్వేయే. లోకో పైలట్ అనాలట ఇప్పుడు, రాయగడలోని మా క్వార్టర్లలో మాత్రం అందరూ డ్రైవరనే అంటారు. పెళ్ళికి ముందు అదే రన్నింగ్ రూమ్‌లో నాన్న చేతిలో ఎన్నోసార్లు ఓడినవాడు. నాన్న పోయాక, డ్యూటీకి వెళ్ళేముందు గోడ మీది ఆయన ఫోటోని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకుని బయల్దేరేవాడు.

ఆయన లేని పగళ్ళు నాకు గడిచేవి కావు. ఫోనులో పోకర్ దించుకున్నాను. డబ్బుకి కాదు, ఉత్తుత్తి చిప్పులే, అంటే పందెం బిళ్ళలే. డబ్బు లేని ఆటకి అంత ఉడుకెందుకు అని అడిగేవాళ్ళు జన్మలో ఎప్పుడూ ఓడి ఉండరని నా అనుమానం.

మొహాలు కనబడని ఆట కదా, మనుషుల్ని ఎలా చదువుతావంటారు. చదవచ్చు. ఒకడు ఏం పడినా వదలడు, చివరిదాకా వెంటపడతాడు. వాడి ముందు అబద్ధమాడకూడదు, మంచి ముక్కలొచ్చేదాకా ఆగి నిజమే ఆడాలి. ఇంకొకడు చీమ చిటుక్కుమంటే ముక్కలు పడేస్తాడు. వాణ్ణి రోజంతా బెదిరించుకోవచ్చు. ఆట పక్కన మాటల పెట్టెలో, అంటే చాట్‌లో, కబుర్లు చెప్పేవాడి చేతిలో సాధారణంగా ఏమీ ఉండదు. ఇలా ఒక్కొక్కడికీ ఒక్కో ఆట మార్చుకుంటూ పోయేదాన్ని.

నాకూ తిక్క రేగేది. ఆటగాళ్ళు దాన్ని టిల్ట్ అంటారు. ఒక ఓటమి నెత్తికెక్కి కూర్చుని తర్వాతి ఆటలన్నీ అదే ఆడించేస్తుంది. అలాంటప్పుడు ఫోను బియ్యం డబ్బాలో కుక్కి అంట్లు ముందేసుకునేదాన్ని. ఆ అలవాటు చాలాసార్లు కాపాడింది. అలుపు నుంచి మాత్రం కాపాడలేదు. కొన్నాళ్ళకి గెలిచినా సంతోషం లేదు, ఆపుదామన్నా చేయి ఆగదు. సంతలో కూరలమ్మే దేశియా గిరిజనావిడ ధర చెప్పేముందు ఒక్క క్షణం ఆగితే, పెంచి చెబుతోందని లెక్క కట్టేదాన్ని. మనిషి మనిషిలా కనబడటం మానేసింది. అది నాకు అప్పుడు తెలివిలా అనిపించింది.

ఆ రోజుల్లోనే సింహం బొమ్మవాడు తగిలాడు. ఆ ఆటలో పేర్ల బదులు బొమ్మలుంటాయి, నాది సీతాకోకచిలుక బొమ్మ. వాడు శాంతంగా ఉన్నంతసేపూ మంచి ఆటగాడే. ఒక్కటి ఓడితే చాలు, అడ్డమైన ముక్కలకీ చిప్పులన్నీ తోసేస్తాడు. అందుకని మొదట వాణ్ణి రెచ్చగొట్టేదాన్ని, తర్వాత ఆగేదాన్ని. గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, నా వంతుకిచ్చిన గడియారం అయిపోవచ్చేదాకా ఊరుకుని, అప్పుడు నొక్కేదాన్ని. వాడు ఉడికిపోవడం ఇక్కణ్ణుంచే తెలిసేది. నాకు బాగుండేది, ఎందుకు దాచాలి.

ఒక మధ్యాహ్నం వాడు వరసగా ఓడాడు. తర్వాతి ఆటకి ఉన్నదంతా తోసేసి, మాటల పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల తెలుగులో రాశాడు: "బండి ఉంది. ఇదే ఆఖరాట."

మిగతావాళ్ళు ముక్కలు పడేశారు. నేను పడేయలేదు. మాటలు చెప్పేవాడి చేతిలో ఏమీ ఉండదనే నా లెక్క. పైగా నా దగ్గరున్నవి ఓడే ముక్కలు కావు. అలవాటు ప్రకారం గడియారం అయిపోవచ్చేదాకా ఆగి, వాడి చిప్పులన్నీ ఊడ్చేశాను. సింహం బొమ్మ మాయమైంది.

కాసేపటికి మా ఆయన ఫోన్. బండెక్కేముందు కొరాపుట్ నుంచి రోజూ చేస్తాడు. ఆ తర్వాత ఫోను ఆపేయాలి, నియమం.

"మీ నాన్న నీకెప్పుడైనా కలలోకొచ్చేడేటే?" అన్నాడు.

"ఏటయ్యిందండీ?"

"ఏటీ లేదు. బండుంది." పెట్టేశాడు.

బండుంది. ఇందాక మాటల పెట్టెలో చదివిన మాటే. సింహం బొమ్మ ఏయే వేళల్లో వచ్చేదో, ఎప్పుడు మాయమయ్యేదో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మా ఆయన కొరాపుట్‌లో విశ్రాంతిలో ఉన్న వేళలవి. తిరిగి చేశాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. ఆ వేడి తలతో మనిషి ఇంజనెక్కేశాడు, ఎక్కించింది నేను.

ఆ సాయంత్రం నేను ఏం చేశానంటే, ఏమీ చేయలేదు. వరండా మెట్ల మీద కూర్చుని లైన్ మనసులో నడిపాను. ఈపాటికి లక్ష్మీపూర్ స్టేషను దాటి ఉంటాడు. ఈపాటికి సొరంగాలు. ఒక్కో సొరంగంలో ఆయన కళ్ళ ముందు సిగ్నలుందా, నేను దించిన ముక్క ఉందా అని నాకు భయం. కింద యార్డులో ఏ ఇంజను కూసినా లేచి నిలబడేదాన్ని.

దీపాలు పెట్టాక వచ్చాడు. బూట్లు విప్పకుండా కుర్చీలో కూలబడి, గోడ మీది ఫోటో కేసి చూస్తూ చెప్పాడు.

"ఫోన్లో పేకాడతన్నాను, నీకు సెప్పలేదు. అందులో ఒకలున్నారు. గెలిసీ ముక్కలుంటే గడియారం అయిపోవచ్చీదాకా ఊరుకుని అప్పుడు దించుతారు. అచ్చు మీ నాన్నే. ఆళ్ళు ఆడతంటే నాకు సున్నం వాసనొస్తాదే. ఇయాల బండుందని రాసేను. మావయ్యయితే ముక్కలు ఒగ్గేస్తాడు కదా, సూద్దామని. ఒగ్గలేదు. ఇంక ఈ బండి నాను దిగను గావాల, నన్ను రమ్మంతన్నాడు గావాల అనుకున్నాను. ఘాటంతా మావయ్య నా ఎనకాల కూకున్నట్టే ఉంది."

నాకు ఏడుపొచ్చింది. "నేనేనండీ అది," అన్నాను.

నమ్మలేదు. ఫోను తెరిచి సీతాకోకచిలుక బొమ్మ చూపించాను. ఆ మధ్యాహ్నం ఆట కూడా తీసి చూపించాను, ఆయన సింహం, నా సీతాకోకచిలుక, ఆయన రాసిన మాట. చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను బోర్లా పెట్టి నా చేతిలోకి తోశాడు.

"కాదే. నువ్వు కాదు," అన్నాడు మెల్లగా. "నువ్వయితే ఒగ్గేసుందువు."

మేమిద్దరం ఆట తీసేశాం. ఆయన మళ్ళీ కుదురుగానే బండి నడుపుతున్నాడు. కానీ డ్యూటీకి వెళ్ళేముందు నాన్న ఫోటో ముందు ఆగడం మానేశాడు. తల దించుకుని దాటి వెళ్ళిపోతాడు. నేను చేసిన పని చచ్చిపోయిన నాన్న మీద పడింది, దాన్ని నేను దించలేకపోతున్నాను. ఆయన గేటు దాటాక నేనే వెళ్ళి ఆ ఫోటోని తాకి వస్తాను.